మీటరు మాటా, ఆపరేటరు మాటా? భారీ యంత్రాల పనిలో సెన్సారునూ మనిషి అంచనానూ ఎక్కడ ఎంత నమ్మాలి

క్రేన్ క్యాబిన్‌లో తెర మీద లోడు 78 శాతం అని కనిపిస్తోంది. పచ్చ లైటు వెలుగుతోంది, బజర్ మోగలేదు. కింద, వెనక కుడి జాకీ (క్రేన్ ఒరగకుండా పక్కకు చాపి నేలకు ఆనించే కాలు) దగ్గర నిలబడ్డ రిగ్గర్, అంటే లోడు కట్టి సైగలు చేసే మనిషి, మాత్రం రెండు చేతులూ పైకెత్తి ఆపమని ఊపుతున్నాడు, ఎందుకంటే జాకీ ప్లేటు పక్కన మట్టి వేలెడు మందాన ఉబ్బి, దాని అంచు వెంట సన్నని నెర్రె పాకడం అతని కంటపడింది. ఆపరేటరు ఎవరి మాట వినాలి?

ఈ ప్రశ్న క్రేన్ దగ్గరే కాక, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ దగ్గరా, రోడ్డు పనిలో పొక్లెయిన్ దగ్గరా, వర్షం పడిన మర్నాడు మట్టి కుప్ప కింద పని మొదలుపెట్టేటప్పుడూ ఎదురవుతూనే ఉంటుంది. కొత్త యంత్రం కొనేవారు ఏ సెన్సార్లకు డబ్బు పెట్టాలో తేల్చుకోలేకపోతారు. ఉన్న యంత్రాన్ని నడిపేవారు మోగే ప్రతి అలారానికీ పని ఆపాలా అని విసిగిపోతారు. ఎన్నో ఏళ్లుగా యంత్రాల మరమ్మతు పనిలో ఉన్నవాడిగా నాకు తెలిసినంతలో, 'సెన్సారే నమ్మకం' అనేవారూ 'చేతి అనుభవం ముందు మీటరెంత' అనేవారూ సమానంగానే నష్టపోతారు. ఎంపిక యంత్రాన్ని బట్టి కాకుండా, ఆ క్షణంలో తేల్చుకోవాల్సిన విషయాన్ని బట్టి జరగాలి.

## ముందుగా చూసుకోవలసినవి

అన్నిటికన్నా మొదటిది, సెన్సారు నిజంగా దేన్ని తాకుతోందన్న విషయం. తెర మీద కనిపించే అంకెల్లో చాలావరకు నేరుగా కొలిచినవి కావు, లెక్కగట్టినవి. టెలిస్కోపిక్ క్రేన్ 'బరువు 6.5 టన్నులు' అని చూపిస్తే, ఆ బరువును ఏ తూకమూ తూచలేదని గుర్తుంచుకోవాలి. బూమ్‌ను ఎత్తే సిలిండర్‌లోని పీడనం, బూమ్ పొడవు, బూమ్ కోణం అనే మూడు కొలతల నుంచి కంప్యూటరు ఆ అంకెను తీసింది. ఆ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా అంకె తప్పుతుంది, అయినా తెర మీద అది అంతే నిబ్బరంగా కనిపిస్తుంది. కాబట్టి ప్రతి మీటరు దగ్గరా 'దీని కొన ఎక్కడుంది, అది దేనిలో మునిగి ఉంది, దేన్ని చూడలేదు' అని అడిగి తెలుసుకోవడం అలవాటు కావాలి.

రెండోది ముప్పు వచ్చే వేగం. ఇంజిన్ ఆయిల్ పీడనం పడిపోతే బేరింగులు పాడవడానికి ఎక్కువ సమయం పట్టదు. మనిషి చెవికి తేడా తెలిసేసరికి పని అయిపోతుంది. గేర్‌బాక్సు అరుగుదల వారాల మీద సాగుతుంది, దాన్ని మనిషి చెవీ కన్నూ అసలు పట్టలేకపోవచ్చు. ఈ రెండు చివర్లలోనూ సెన్సారుదో ప్రయోగశాలదో పైచేయి అవుతుంది. నిమిషాల నుంచి గంటల వరకు సాగే మార్పుల్లో, అంటే నేల కుంగడం, లోడు ఊగడం, రోడ్డు పాడవడం, మనిషి అలసిపోవడం వంటి వాటిలో, అనుభవజ్ఞుడి కన్ను ముందుంటుంది.

మూడోది, తప్పు పడితే ఎవరికి ఎంత నష్టమన్నది. అబద్ధపు అలారానికి పని ఆపితే పోయేది పావుగంట, అరగంట. నిజమైన అలారాన్ని కొట్టిపారేస్తే పోయేది ఇంజినో ప్రాణమో కావచ్చు. 2020 ఆగస్టు 1న విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్‌ను పరీక్షిస్తుండగా అది కూలి 11 మంది చనిపోయారు. సెన్సారును నమ్మాలా, మనిషిని నమ్మాలా అని ఆలోచించే ముందే, రెండూ తప్పితే ఎవరి మీద పడుతుందో చూసుకుని ఆ చోటు ఖాళీ చేయించాలని ఆ ఘటన ఎన్నటికీ గుర్తుచేస్తూ ఉంటుంది.

నాలుగోది, ఆ రోజున ఆ సెన్సారు ఎలా ఉంది, ఆ మనిషి ఎలా ఉన్నాడు అన్న సంగతి. ఏడాదిగా క్యాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) లేని సెన్సారు, వరుసగా నాలుగో రాత్రి షిఫ్టు చేస్తున్న ఆపరేటరు, ఇద్దరూ ఒకే రకమైన సాక్షులు. ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. పాత యంత్రాల్లో తెరిచిన క్యాబిన్ ఉండేది కాబట్టి ఇంజిన్ చప్పుడు, హైడ్రాలిక్ పంపు కూత, ఆయిల్ కాలిన వాసన ఆపరేటరుకు నేరుగా చేరేవి. ఇప్పుడు ఏసీ క్యాబిన్ అద్దాలు మూసి కూర్చుంటే అవేవీ లోపలికి రావు. దుమ్ము నుంచీ రొద నుంచీ ఊపిరితిత్తులనూ చెవులనూ కాపాడే ఆ క్యాబిన్ తప్పక ఉండవలసిందే. అయితే పాత యంత్రం మీద చెవికున్న తీర్పు కొత్త యంత్రం మీద కూడా అంతే పనిచేస్తుందని అనుకోకూడదు.

## క్రేన్: లోడ్ మూమెంట్ ఇండికేటరా, రిగ్గర్ కన్నా?

క్రేన్ల మీద ఉండే లోడ్ మూమెంట్ ఇండికేటర్‌ను మన సైట్లలో ఎల్ఎంఐ అనీ ఎస్ఎల్ఐ అనీ పిలుస్తారు. బరువును, క్రేన్ తిరిగే కేంద్రం నుంచి హుక్కు వరకు ఉన్న దూరాన్ని (రేడియస్) లోడ్ చార్ట్‌తో, అంటే ఏ దూరంలో ఎంత ఎత్తవచ్చో చెప్పే పట్టికతో, పోల్చి, ఎత్తదగిన దానిలో ఎంత శాతం ఎత్తుతున్నామో అది చెబుతుంది. ఈ పనిలో మనిషి దానితో పోటీ పడలేడు. లోడు నేల విడిచే క్షణంలో బూమ్ కొద్దిగా వంగి, హుక్కు ముందుకు జరిగి, రేడియస్ పెరుగుతుంది. చార్ట్ అంచులో పనిచేస్తున్నప్పుడు అరమీటరు పెరిగినా అదే నిర్ణయాత్మకం అవుతుంది. కంటి అంచనాతో అరమీటరు తేడాను అంత ఎత్తున ఎవరూ పట్టలేరు.

పాత ఆపరేటర్లలో చాలామంది 'వెనక తేలితే సీటులో తెలుస్తుంది' అంటారు. ఆ మాట సగమే నిజం. లోడ్ చార్ట్‌లో దూరపు రేడియస్‌ల దగ్గర ఇచ్చిన అంకెలను క్రేన్ ఒరిగిపోయే స్థితిని బట్టి నిర్ణయిస్తారు. అమెరికా ప్రమాణం ప్రకారం జాకీల మీద నిలిచిన మొబైల్ క్రేన్‌కు అవి ఒరిగిపోయే బరువులో 85 శాతం దాటకూడదు. దగ్గరి రేడియస్‌ల దగ్గర మాత్రం హద్దు బూమ్ బలానిది. అక్కడ మోతాదు మించితే క్రేన్ వెనక భాగం తేలి హెచ్చరించదు, బూమే వంగిపోతుంది. చాలా చార్టుల్లో ఈ రెండు భాగాలను వేరుచేస్తూ మందపాటి గీత గానీ వేరే రంగు గానీ ఉంటుంది. ఆ గీతకు లోపల పనిచేస్తున్నప్పుడు సీటు చెప్పే మాట కోసం ఎదురుచూడటం చాలా ప్రమాదకరం. అక్కడ ఎల్ఎంఐ మాటే వినాలి.

అయితే ఎల్ఎంఐకి తెలియనివి చాలా ఉన్నాయి, వాటిలో నేల మొదటిది. క్రేన్ సొంత బరువు 25 టన్నులు, కట్టే స్లింగులతో కలిపి లోడు 6.5 టన్నులు అనుకుందాం. బూమ్ ఒక జాకీ మీదుగా తిరిగినప్పుడు మొత్తం బరువులో నాలుగింట మూడు వంతులు ఆ ఒక్క జాకీ మీదే పడవచ్చు, అంటే 23 టన్నులకు పైగా. జాకీ ప్లేటు 40 సెంటీమీటర్ల చదరమైతే నేల మీద చదరపు మీటరుకు 140 టన్నులకు పైగా ఒత్తిడి పడుతుంది. అదే ప్లేటు కింద మీటరు చదరపు గట్టి మ్యాట్ వేస్తే అది 23 టన్నులకు దిగుతుంది. తడిసిన నల్లరేగడి ఆ 23 టన్నులనైనా మోయలేదు, ఇంకా పెద్ద మ్యాట్ కావాలి. పూడ్చిన పైపులైను కందకం, పాత సెప్టిక్ ట్యాంకు, నిన్న పోసి రోలర్ తిప్పని మట్టి వంటివాటిని తెర చూపించదు. క్రేన్ మట్టం తప్పిందని కొన్ని క్రేన్ల లెవెల్ సెన్సారు చెబుతుంది కానీ, అప్పటికే నేల కదలడం మొదలై ఉంటుంది. మట్టి ఉబ్బిందని చేయెత్తిన రిగ్గర్ ఆ సెన్సారు కన్నా ముందున్నాడు.

రెండోది, ఆపరేటరు దానికి చెప్పిన వివరాలు. జాకీలు పూర్తిగా చాపామా సగమే చాపామా, కౌంటర్ వెయిట్ ఎంత, హుక్కు బ్లాకుకు తాడు ఎన్ని వరుసలు వేశాం అన్నవి చాలా క్రేన్లలో మనిషే ఎంచుకోవాలి. గోడ అడ్డం వచ్చి ఒక వైపు జాకీలను సగమే చాపి, తెర మీద 'పూర్తి' అని వదిలేస్తే, ఎల్ఎంఐ చూపించే 78 శాతానికి అర్థమే ఉండదు. లోడును పక్కకు ఈడ్చినప్పుడు బూమ్ మీద పడే అడ్డపు బలం కూడా దానికి సరిగా అందదు.

మూడోది గాలి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల నుంచి 42కి పెరిగినా తోపుడు దాదాపు రెట్టింపే. బూమ్ కొనలో గాలి మీటరు ఉన్నా, అది కొలిచేది గాలినే. ఎత్తుతున్న వస్తువు తెరచాపలా గాలిని పట్టుకుంటుందా అన్నది మనిషి లెక్కకట్టాలి. 1999 జులై 14న అమెరికాలోని మిల్వాకీలో స్టేడియం పైకప్పు భాగాన్ని, 400 టన్నులకు పైబడినదాన్ని, గాలి వీస్తుండగా ఎత్తుతున్న భారీ క్రేన్ కూలిపోయింది. వేరే క్రేన్‌కు వేలాడుతున్న బుట్టలో ఉన్న ముగ్గురు కార్మికులు చనిపోయారు. అంత విశాలమైన కప్పు మీద గాలి వేసే పక్క తోపుడును లెక్కలోకి తీసుకోకపోవడం ఆ తర్వాతి దర్యాప్తులో ప్రధానంగా బయటపడింది. గాలి మీటరు చెప్పే అంకెను క్రేన్‌కే కాక లోడుకు కూడా వర్తింపజేయాలని ఏ సెన్సారూ మనకు గుర్తుచేయదు.

మన దగ్గర ఎక్కువగా కనిపించే హైడ్రా క్రేన్ సంగతి విడిగా చెప్పుకోవాలి. లోడు పట్టుకుని నడిచే ఈ క్రేన్ నడుము దగ్గర విరిగి మలుపు తిరుగుతుంది కాబట్టి, తిన్నగా ఉన్నప్పుడు భద్రంగా ఉన్న లోడు మలుపులో ప్రమాదకరం అవుతుంది. ఏటవాలు నేల, గుంత, లోడు ఊపు కలిస్తే ఒరిగిపోవడానికి ఎక్కువ సమయం పట్టదు. వీటిలో లోడు ఇండికేటరు పనిచేయకుండా పడి ఉండటం నేను చాలాసార్లు చూశాను. హైడ్రా అద్దెకు తీసుకునేవారు ఆ ఇండికేటరు, హుక్కు బూమ్ కొనకు తగలకుండా ఆపే లిమిట్ స్విచ్ రెండూ పనిచేస్తున్నాయో లేదో బండి గేటు దాటక ముందే చూసుకోవాలి. వాటితో పాటు లోడుకు గైడ్ తాడు కట్టి పట్టుకునే మనిషీ, దారిని ముందుగా నడిచి చూసే మనిషీ ఉండాలి. హైడ్రా విషయంలో నా ఓటు మనిషికే ఎక్కువ పడుతుంది.

## ఇంజిన్, హైడ్రాలిక్స్: గేజీ, చెవి, ప్రయోగశాల

ఇక్కడ పోటీ ఇద్దరి మధ్య కాదు, ముగ్గురి మధ్య. క్యాబిన్‌లోని గేజీలు, ఆపరేటరు చెవీ ముక్కూ, ఆయిల్ శాంపిల్ పరీక్ష. మూడూ మూడు వేర్వేరు వ్యవధుల్లో మాట్లాడతాయి.

ఒక రాత్రి షిఫ్టులో 60 టన్నుల డంపర్ ఆపరేటరు ఒకరు హాల్ రోడ్డు (గనిలో డంపర్లు తిరిగే దారి) ఎక్కుతూ మధ్యలో బండి పక్కకు ఆపేశారు. రేడియోలో 'తీపి వాసన వస్తోంది, బండి బరువుగా లాగుతోంది' అన్నారు. నేను వెళ్లేసరికి టెంపరేచర్ గేజీ ముల్లు పచ్చ భాగంలోనే ఉంది. బానెట్ తీసి చూస్తే కింది హోస్ క్లాంపు వదులై, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ చాలావరకు కారిపోయి ఉంది; ఆ తీపి వాసన దానిదే. ఇంజిన్ బ్లాకు పక్కన పచ్చటి చారలు ఎండి ఉన్నాయి. గేజీ అబద్ధం చెప్పలేదు. దాని సెన్సారు కూలెంట్‌లో మునిగి ఉన్నప్పుడే కూలెంట్ వేడి చెప్పగలదు. మట్టం దిగి సెన్సారు ఆవిరిలోనో గాలిలోనో ఉండిపోతే, లోహం ఎంత కాగుతున్నా గేజీకి ఆ వేడి ఆలస్యంగా, తక్కువగా చేరుతుంది. ఆ యంత్రంలో పై ట్యాంకు మట్టాన్ని చూసే రెండో సెన్సారు వైరు ఎప్పుడో తెగితే, ఎవరో 'మళ్లీ చూద్దాంలే' అని వదిలేశారు. ఆ రాత్రి ఇంజిన్‌ను కాపాడింది ఆ ఆపరేటరు ముక్కే.

ఈ కథ విని 'చూశారా, మనిషే గొప్ప' అనుకుంటే పొరపాటు. ఆయిల్ పీడనం తక్కువని ఎర్ర లైటు వెలిగినప్పుడు 'సెన్సారు పాడై ఉంటుందిలే' అనుకుని డంప్ యార్డు దాకా నడిపిన బండ్ల క్రాంక్ షాఫ్టులు కూడా నేను చూశాను. ఆయిల్ పీడనం విషయంలో నియమం ఒక్కటే: లైటు వెలిగిన వెంటనే ఇంజిన్ ఆపాలి, డిప్‌స్టిక్ చూడాలి, ఆ తర్వాత మెకానిక్ వచ్చి సెన్సారు స్థానంలో మెకానికల్ గేజీ బిగించి సరిచూడాలి. సెన్సారు పాడైందని తేల్చే హక్కు ఆ రెండో గేజీకే ఉంది, ఆపరేటరు అనుభవానికి లేదు.

ఇక ఆయిల్ పరీక్ష. ఇంజిన్ ఆయిల్‌ను సాధారణంగా 250 గంటలకు ఒకసారి తీసి పంపితే, ఇనుము, రాగి, సిలికాన్, సోడియం ఎంతెంత ఉన్నాయో చెబుతారు. సిలికాన్ పెరిగితే గాలి ఫిల్టరు దగ్గర ఎక్కడో దుమ్ము దూరుతోందని అర్థం. సోడియం పెరిగితే ఆయిల్‌లోకి కూలెంట్ చేరుతోందని అనుమానించాలి. రాగి, ఇనుము కలిసి ఎగబాకితే బేరింగుల అరుగుదల వైపు చూడాలి. ఒక్క శాంపిల్ అంకె కన్నా, అదే యంత్రం నాలుగైదు శాంపిళ్ల వరుసలో కనిపించే పోకడే ముఖ్యం. తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసేది ఈ మూడింటిలో ఇదేనని నా అభిప్రాయం. అయినా చిన్న యజమానుల్లో దీన్ని వాడేవారు తక్కువ.

హైడ్రాలిక్ హోసుల విషయంలో మాత్రం సెన్సారు సాయం ఏమీ ఉండదు. హోసు పైపొర రాసుకుపోయి లోపలి తీగ బయటపడటం, ఫిట్టింగ్ దగ్గర చెమట పట్టినట్టు ఆయిల్ ఊరడం కంటితో చూడాల్సిందే. కారుతుందేమోనని చేత్తో తడిమి చూడకూడదు; సన్నని రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క పట్టుకుని చూడాలి.

## బెంచీలు, మట్టి కుప్పలు: రాడార్ పక్కన చెక్క మేకు

రామగుండం, మణుగూరు, భూపాలపల్లి వంటి ఓపెన్‌కాస్ట్ ప్రాంతాల్లో పనిచేసేవారికి వర్షాకాలంలో ఓబీ (బొగ్గు మీద నుంచి తీసి పోసిన మట్టి, రాయి) కుప్పల కింద ఎంత భయంగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. 2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లోని లాల్‌మటియా గనిలో మట్టి విరిగిపడి 23 మంది చనిపోయారు.

వాలును గమనించే రాడార్ వందల మీటర్ల దూరం నుంచి గోడ మొత్తాన్నీ కొన్ని నిమిషాలకోసారి చూసి, మిల్లీమీటరు కన్నా తక్కువ కదలికను కూడా పడుతుంది. చీకటి, దుమ్ము దానికి అడ్డు కావు. కదలిక వేగం పెరుగుతున్న కొద్దీ ఆ వేగాన్ని తలకిందులు చేసి, అంటే ఒకటిని వేగంతో భాగించి, గీత గీస్తే అది సున్నా వైపు దిగుతుంది. ఆ గీత ఎక్కడ సున్నాను తాకుతుందో చూసి కూలే సమయాన్ని అంచనా కడతారు. 2013లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో బింగ్‌హామ్ కాన్యన్ రాగి గనిలో ఇది అద్భుతంగా పనిచేసింది. గోడ కదులుతోందని ఫిబ్రవరి నుంచే పరికరాలు చూపించాయి. ఏప్రిల్ 10న మనుషులందరినీ ముందుగానే ఖాళీ చేయించారు. ఆ రాత్రి 14 కోట్ల టన్నులకు పైగా రాయి రెండు విడతలుగా జారిపడింది. ఒక్కరికీ గాయం కాలేదు.

అయితే అదే ఘటనలో గని అడుగున ఉన్న షావెళ్లు (తవ్వి డంపర్లలో నింపే యంత్రాలు), డంపర్లు కొన్ని ఆ రాతి కింద చిక్కుకున్నాయి. ఎప్పుడు కూలుతుందన్న అంచనా నిలిచింది, ఎంత దూరం పరుగెత్తుతుందన్న అంచనా తప్పింది. వేగాన్ని కొలిచే పరికరం ఒక ప్రశ్నకు జవాబిస్తుంది. దూరాన్ని నిర్ణయించింది మనుషులే, వాళ్లు వాడిన లెక్కలే.

రాడార్‌కు తన వైపు వచ్చే, తన నుంచి దూరం జరిగే కదలికే బాగా కనబడుతుంది. దాని చూపుకు అడ్డం ఉన్న మూలలు, గడ్డి పెరిగిన వాలు, కుప్ప వెనక వైపు దానికి అందవు. పెళుసు రాయి కొన్నిసార్లు చెప్పుకోదగ్గ హెచ్చరిక లేకుండానే విరిగిపోతుంది. బెంచీ (గని గోడలో మెట్టులా తవ్విన భాగం) పైఅంచున నెర్రెలు, కింద కొత్తగా ఊరుతున్న నీరు, కుప్ప పాదం దగ్గర నేల ఉబ్బడం, గాలి లేకుండానే చిన్న పెళ్లలు రాలుతుండటం, వీటిని చూసే కన్ను కావాలి. రాడార్ కొనలేని చిన్న క్వారీలో నెర్రెకు అటూ ఇటూ రెండు చెక్క మేకులు దిగ్గొట్టి, ప్రతి షిఫ్టుకూ టేపుతో కొలిచి రాసుకుంటే చాలు. నిన్నటి కన్నా నేడు, నేటి కన్నా రేపు పెరుగుదల ఎక్కువవుతుంటే అదీ రాడార్ చెప్పే కథే. ఈ ఎంపికలో రెండింటిలో ఒకటన్నది నాకు ఆమోదం కాదు. రాడార్ ఉన్నా ఉదయం నడక ఆపకూడదు.

## లోడు బరువు, టైర్లు

పెద్ద డంపర్ల పేలోడ్ (మోస్తున్న బరువు) మీటరు సస్పెన్షన్ సిలిండర్ల పీడనం నుంచి బరువు తీస్తుంది. ఆ సిలిండర్లలో నింపిన నైట్రోజన్ చార్జి సరిగా లేకపోయినా, బండి ఏటవాలు మీద నిలిచినా తేడా వస్తుంది. అయినా షావెల్ ఆపరేటరు బకెట్లు లెక్కబెట్టి చేసే అంచనా కన్నా అదే మెరుగు, ఎందుకంటే తడిసిన ఓబీ అదే బకెట్‌లో చాలా ఎక్కువ తూగుతుంది. క్యాటర్‌పిల్లర్ కంపెనీ వాడే 10/10/20 నియమం గుర్తుపెట్టుకోవడానికి తేలిక: నిర్ణీత బరువును 10 శాతం దాటిన ట్రిప్పులు మొత్తం ట్రిప్పుల్లో 10 శాతానికి మించకూడదు, 20 శాతం దాటిన ట్రిప్పు ఒక్కటీ ఉండకూడదు. టైర్ల గాలి, వేడికి సెన్సార్లు పెట్టుకోవచ్చు. టైరు పక్క కోతలకు, హాల్ రోడ్డు మీద పడ్డ రాళ్లకు మనిషే దిక్కు.

## నిద్రమత్తు కెమెరాలు, రివర్స్ అలారాలు

కళ్లు మూతపడటాన్ని చూసి సీటు వణికించే కెమెరాల మీద ఆపరేటర్లలో కోపం ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. తన మీద నిఘా పెట్టారన్న బాధతో మనిషి తొమ్మిది గంటలు పనిచేయడం మంచిది కాదు. కానీ తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య వచ్చే నిద్రమత్తును ఏ అనుభవమూ జయించలేదు. నిద్రలోకి జారుతున్న మనిషికి తాను జారుతున్నట్టు తెలియదు కాబట్టి, తన గురించి తాను తీర్పు చెప్పలేని అరుదైన సందర్భమిది. ఇక్కడ కెమెరాదే పైచేయి. ఆ రికార్డును జీతం కోయడానికో మెమో ఇవ్వడానికో వాడబోమని యాజమాన్యం ముందే రాసిచ్చి, అలారం మోగితే పావుగంట విశ్రాంతి ఇవ్వాలి. అలా ఇవ్వలేని సంస్థ ఆ కెమెరా కొనకపోవడమే మేలు. ఆపరేటర్లు దానికి టేపు అంటిస్తారు.

రివర్స్, సామీప్య అలారాలది వేరే సమస్య. గోడ, మట్టి గట్టు, పక్క బండి, అన్నిటికీ ఒకేలా మోగే పరికరం వారంలోపే చెవికి అలవాటై వినబడటం మానేస్తుంది. కొనేముందు మీ సైట్‌లోనే ఒక రోజు నడిపి, మోగిన ప్రతిసారీ నిజంగా ప్రమాదం ఉందా అని లెక్క రాసుకోండి. అనవసరపు మోతలే ఎక్కువగా తేలితే, కెమెరా, అద్దాలు, సిగ్నల్‌మన్ మీద ఆ డబ్బు పెట్టడం మంచిది.

## ఒక్కచోట చూసుకోవాలంటే

| విషయం | సెన్సారుకు బాగా అందేది | సెన్సారుకు అందనిది | ఎవరిని ముందు నమ్మాలి |
|---|---|---|---|
| క్రేన్ లోడు | బరువు, రేడియస్, బూమ్ కోణం | నేల, పక్క లాగుడు, తప్పుగా ఎంచిన సెట్టింగు | బరువుకు ఎల్ఎంఐ, నేలకు రిగ్గర్ |
| ఆయిల్ పీడనం | క్షణాల్లో వచ్చే పతనం | కారణం | సెన్సారు. ముందు ఇంజిన్ ఆపాలి |
| కూలెంట్ వేడి | మునిగి ఉన్నంతసేపు వేడి | మట్టం పడిపోయాక అసలు వేడి | ఇద్దరిలో ఎవరు అనుమానించినా ఆపాలి |
| అరుగుదల | ఆయిల్ శాంపిల్‌లో లోహాలు | ఒక్కసారిగా విరిగే భాగాలు | ప్రయోగశాల |
| హైడ్రాలిక్ హోసులు | దాదాపు ఏమీ లేదు | రాపిడి, ఊట | మనిషి |
| వాలు కదలిక | మిల్లీమీటర్ల కదలిక, రాత్రింబవళ్లు | చాటు మూలలు, నీటి ఊట, పరుగు దూరం | ఇద్దరూ. ఒక్కరు చాలరు |
| నిద్రమత్తు | కళ్ల మూత | మనసులోని దిగులు, ఒంట్లో నలత | కెమెరా |

## మీరు ఎవరైతే ఏం ఎంచుకోవాలి

ఒక్క జేసీబీయో పొక్లెయినో ఉన్న యజమాని అయితే, కొత్త సెన్సార్ల జోలికి పోకుండా ఉన్నవాటిని బతికించుకోవడం మీద ఖర్చు పెట్టండి. తెగిన వైర్లు, పనిచేయని బజర్లు, మాడిపోయిన లైట్లు ముందు బాగుచేయించండి. తర్వాత ఆయిల్ శాంపిళ్లు. మీరే నడుపుతుంటే బండి వివరాలను దూరానికి పంపే లైవ్‌లింక్, కోమ్‌ట్రాక్స్ వంటి టెలిమాటిక్స్ వల్ల వచ్చే అదనపు లాభం తక్కువ. వేరే ఊళ్లో డ్రైవరు చేతిలో బండి పెట్టి ఉంటే మాత్రం ఖాళీగా తిరిగే గంటలు, డీజిల్, సర్వీసు గడువు తెలియడానికి అది నిజంగా ఉపయోగం.

పదీ ఇరవై డంపర్లు నడిపే కాంట్రాక్టరుకు లెక్క మారుతుంది. ప్రతి యంత్రాన్నీ ప్రతి షిఫ్టూ మీరు చూడలేరు కాబట్టి పేలోడ్, టైరు గాలి, ఆయిల్ పరీక్షల సమాచారం మీ కళ్ల బదులు పనిచేస్తుంది. అయితే ఆ సమాచారం చదివి మర్నాడు ఉదయమే పని చెప్పే మనిషి ఒకరు లేకపోతే, సెన్సార్లన్నీ దండగే.

కొత్త ఆపరేటరుకు నా సలహా: సెన్సారును నమ్మండి, కానీ దాన్ని చూడకముందే మీ అంచనా మనసులో అనుకోండి. 'ఈ లోడు నాలుగు టన్నులుంటుంది, రేడియస్ తొమ్మిది మీటర్లు' అని అనుకుని అప్పుడు తెర చూడండి. ఆరు నెలలు ఇలా చేస్తే, తెర తప్పు చూపించిన రోజున మీకు అనుమానం పుడుతుంది. మొదటి నుంచీ తెర మాత్రమే చూసినవారికి ఆ అనుమానం ఎన్నటికీ పుట్టదు.

పాతికేళ్ల అనుభవం ఉన్నవారికి ఒక మాట, గౌరవంతోనే. రొదలో పనిచేసిన చెవి మొదట కోల్పోయేది హెచ్చు స్థాయి సన్నని శబ్దాలను, 4,000 హెర్ట్జ్ దరిదాపుల్లోవాటిని. పాడవుతున్న బేరింగు, పంపు చేసే కూతలో కొంత భాగం ఆ వైపే ఉండవచ్చు. మాటలు బాగా వినబడుతున్నంతకాలం ఈ లోటు తెలియదు. ఏడాదికోసారి వినికిడి పరీక్ష చేయించుకోండి. సెన్సారుకు క్యాలిబ్రేషన్ అడిగే మనం మన చెవికీ అడగడంలో చిన్నతనం లేదు.

సైట్ ఇన్‌చార్జి బాధ్యత వేరు. ఎల్ఎంఐ ఆపుదలను తాత్కాలికంగా పక్కన పెట్టే బైపాస్ తాళం చెవి ఎవరి దగ్గర ఉందో, ఏ రోజు ఏ కారణంతో తిప్పారో పుస్తకంలో ఉండాలి. క్రేన్‌కే తగిలించి ఉంచిన తాళం చెవి బైపాస్ తాళం చెవి కాదు, ఎల్ఎంఐ లేనట్టే. హెల్పరు నుంచి ఫోర్‌మన్ దాకా ఎవరు ఆపమన్నా పని ఆగాలి, ఆ తర్వాత కారణం అడగాలి. ఆపినందుకు ఎవరినీ నలుగురిలో మందలించకూడదు, అలారం అబద్ధమని తేలినా సరే.

## రెండూ భిన్నంగా చెప్పినప్పుడు

సెన్సారు 'బాగుంది' అని, మనిషి 'బాగాలేదు' అన్నా, లేదా మనిషి బాగుందని సెన్సారు కాదన్నా, చేయవలసింది ఒకటే. ఆపమన్న మాట ఎవరిదైతే వారి మాటే ముందు చెల్లుతుంది. మళ్లీ మొదలుపెట్టడానికి మాత్రం ఇద్దరి సమ్మతీ కావాలి. ఈ మధ్యలో మూడో సాక్షిని వెతకాలి: ఎల్ఎంఐ మీద అనుమానమైతే తెలిసిన బరువును ఎత్తి చూడటం, గేజీ మీద అనుమానమైతే మెకానికల్ గేజీ బిగించడం, నేల మీద అనుమానమైతే గునపంతో పొడిచి చూడటం, వాలు మీద అనుమానమైతే నెర్రె కొలవడం. వీటిలో చాలావరకు అరగంటలో అయిపోయే పనులు.

మొదట చెప్పిన క్రేన్ దగ్గర, ఆపరేటరు రిగ్గర్ మాట విని లోడును మెల్లగా కిందికి దించాలి. జాకీ ఎత్తి, ఉబ్బిన మట్టి తవ్వి చూడాలి. మెత్తగా ఉంటే ఆ చోటు వదిలి గట్టి నేలకు జరగాలి, లేదా తవ్వి కంకర నింపి, రోలర్ తిప్పి, పెద్ద మ్యాట్ వేయాలి. లెవెల్ మళ్లీ సరిచూసి, జాకీ సెట్టింగు తెర మీద ఉన్నదీ నేల మీద ఉన్నదీ ఒకటేనని రిగ్గర్‌తో గట్టిగా చదివించుకోవాలి. లోడును ముందు అరడుగు మాత్రమే లేపి రెండు నిమిషాలు ఆపి, రిగ్గర్ నాలుగు జాకీల చుట్టూ తిరిగి వచ్చాకే పైకెత్తాలి. అదే చోట, అదే రేడియస్‌లో ఎత్తితే ఈసారి కూడా తెర మీద 78 శాతమే కనిపిస్తుంది.